మీ కోడ్ లైబ్రరీకి లైసెన్సు ఎంచుకోవడం: మొదటి విడుదలకు ముందు వేయవలసిన అడుగులు

లైసెన్సు అంటే మీ కోడ్‌ను ఇతరులు ఏ షరతులతో వాడుకోవచ్చో చెప్పే అనుమతి. ఒక పూర్తి అప్లికేషన్‌కు లైసెన్సు ఎంచుకోవడం వేరు, లైబ్రరీకి ఎంచుకోవడం వేరు. అప్లికేషన్‌ను తీసుకున్నవారు దాన్ని నడుపుకుంటారు; లైబ్రరీని తీసుకున్నవారు దాన్ని తమ ప్రోగ్రామ్‌లో కలుపుకుంటారు. అందుకే లైబ్రరీకి మీరు పెట్టే షరతు మీ ఫైళ్ల దగ్గరే ఆగకుండా, మీకు ముఖపరిచయం కూడా లేనివారు రాసుకున్న కోడ్ దాకా వెళ్లవచ్చు. ఎంత దూరం వెళ్లాలి, ఎక్కడ ఆగాలి అన్నది నిర్ణయించుకోవడమే ఇక్కడ అసలు పని. ఏ లైసెన్సుకు ఎక్కువ పేరుంది అన్న ప్రశ్నతో మొదలుపెట్టినవారు చాలాసార్లు తప్పు నిర్ణయానికి చేరుకోవడం నేను చూశాను.

వివరణ గాలిలో తేలకుండా ఒక ఉదాహరణను చివరిదాకా పట్టుకుని నడుద్దాం. తెలుగు వాక్యాన్ని అక్షరాలుగా విడదీసే చిన్న పైథాన్ లైబ్రరీ ఒకటి మీరు రాశారనుకోండి. ‘క్షేత్రం’ అన్న మాట యూనికోడ్‌లో ఎనిమిది సంకేతాలు. చదివేవారికి మాత్రం అది ‘క్షే’, ‘త్రం’ అనే రెండక్షరాలు. ఆ రెండింటినీ సరిగ్గా విడదీసి ఇవ్వడమే మీ లైబ్రరీ పని. ఫోల్డర్‌లో మీరు స్వయంగా రాసిన కోడ్ ఫైళ్లు మూడు, తెలుగు విక్షనరీ నుంచి తీసుకున్న పదాల పట్టిక ఒకటి, ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో దొరికిన జవాబు ఆధారంగా మీ స్నేహితురాలు పంపిన ఇరవై వరుసల ఫంక్షన్ ఒకటి ఉన్నాయి.

లైసెన్సు లేని కోడ్ ఎవరిది?

ఈ ఫోల్డర్‌ను ఏ లైసెన్సూ లేకుండా అందరికీ కనిపించే చోట పెట్టినంత మాత్రాన అది అందరిదీ అయిపోదు. భారతదేశపు 1957 నాటి కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామ్‌లను సాహిత్య రచనల కిందనే లెక్కిస్తుంది. కోడ్ రాసిన క్షణం నుంచే దానిపై కాపీరైట్ ఉంటుంది. రిజిస్టర్ చేయించుకోవలసిన అవసరం లేదు. చాలా దేశాల్లో పరిస్థితి ఇదే. కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్‌లో బహిరంగంగా పెట్టిన కోడ్‌ను ఆ సైటులో ఇతరులు చూడవచ్చు, ఫోర్క్ చేసుకోవచ్చు (అక్కడే తమ ఖాతాలోకి నకలు తీసుకోవచ్చు). అయితే దాన్ని తమ ఉత్పత్తిలో కలిపి పంచుకునే హక్కు వారికి అంతమాత్రాన రాదు. తలుపు తీసి ఉన్నంత మాత్రాన ఇంట్లోని బిందె పట్టుకుపొమ్మని అర్థం కాదు కదా. జాగ్రత్త తెలిసిన సంస్థలు లైసెన్సు లేని లైబ్రరీని ముట్టుకోవు. జాగ్రత్త తెలియనివారు ముట్టుకుని తరువాత చిక్కుల్లో పడతారు. ఈ రెండూ మీరు కోరుకునేవి కావు.

మొదటి అడుగు: కోడ్ మీదేనని నిర్ధారించుకోండి

హక్కు ఉన్నవారే లైసెన్సు ఇవ్వగలరు. మన కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో భాగంగా చేసిన రచనకు, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కుదారు యజమానే. ఆఫీసు పనిలో భాగంగా రాసిన లైబ్రరీని మీ పేరుతో విడుదల చేయడం కుదరదన్న మాట. ఆదివారం ఇంట్లో సొంత లాప్‌టాప్ మీద రాసినదైతే చట్టం మీ వైపు ఉండవచ్చు. కానీ చేరిన రోజు మీరు సంతకం పెట్టిన ఒప్పందంలో, ఉద్యోగ కాలంలో సృష్టించినదంతా సంస్థకే చెందుతుందన్న వాక్యం ఉండవచ్చు. ఆ కాగితం బయటకు తీసి మళ్లీ చదవండి. సందేహం ఉంటే లైబ్రరీ పేరు, దాని పని, ఇవ్వదలచిన లైసెన్సు రాసి, సంస్థ నుంచి ఈమెయిల్‌లోనైనా రాతపూర్వక అనుమతి తీసుకోండి. నోటిమాటగా ‘పెట్టుకోండి, ఏం ఫరవాలేదు’ అన్న మేనేజర్ ఏడాది తరువాత ఆ సంస్థలో ఉండకపోవచ్చు. కళాశాల ప్రాజెక్టులకు, పరిశోధన నిధులతో రాసిన కోడ్‌కు కూడా ఆయా సంస్థల నియమాలు ఉంటాయి. అవి కూడా చూసుకోవాలి.

రెండవ అడుగు: లోపల ఏమేమి కలిశాయో పట్టిక వేయండి

అందరూ దాటవేసే అడుగు ఇది. ఎక్కువ నష్టం జరిగేదీ ఇక్కడే. 2021 మార్చిలో రూబీ అనే ప్రోగ్రామింగ్ భాష ప్రపంచంలో జరిగిన సంఘటన దీన్ని స్పష్టంగా చూపిస్తుంది. ఫైలు ఏ రకానిదో గుర్తించే మైమ్‌మ్యాజిక్ అనే చిన్న లైబ్రరీ చాలా ఏళ్లుగా, దాదాపు ఏ షరతూ లేకుండా వాడుకోనిచ్చే ఎంఐటీ లైసెన్సుతో ఉండేది. దాని కోడ్‌తో ఏ సమస్యా లేదు. కానీ ఫైలు రకాల సమాచారాన్ని అది, కలుపుకున్నవారు తమ కోడ్‌ను కూడా అవే షరతులతో పంచాలనే జీపీఎల్ లైసెన్సు ఉన్న మరొక ప్రాజెక్టు డేటా ఫైలు నుంచి తీసుకుంది. ఆ విషయం బయటపడగానే నిర్వాహకులు లైసెన్సును జీపీఎల్‌కు మార్చి, పాత విడుదలలను ప్యాకేజీల భాండాగారం నుంచి ఉపసంహరించారు. వెబ్‌సైట్లు కట్టడానికి వాడే రూబీ ఆన్ రైల్స్ పరోక్షంగా ఆ లైబ్రరీ మీద ఆధారపడి ఉండడంతో, దానితో ఏ సంబంధమూ లేదనుకున్న ఎన్నో ప్రాజెక్టులు ఒక్కరోజులో ఇన్‌స్టాల్ కాకుండా ఆగిపోయాయి. రైల్స్ బృందం అపాచీ లైసెన్సు ఉన్న డేటాకు మారి బయటపడింది. కోడ్ ఎంత శుభ్రంగా ఉన్నా, పక్కన ఉన్న ఒక్క డేటా ఫైలు మొత్తం లైబ్రరీ పరిస్థితిని మార్చేసింది.

మన ఉదాహరణలోనూ అలాంటి ఫైళ్లు రెండున్నాయి. విక్షనరీ పదార్థం క్రియేటివ్ కామన్స్ వారి ‘ఆపాదన, అదే రీతి పంపకం’ లైసెన్సు కింద వస్తుంది. దాని నుంచి తయారుచేసినదాన్ని అదే షరతులతో పంచాలి. స్టాక్ ఓవర్‌ఫ్లో జవాబులు కూడా అదే కుటుంబపు లైసెన్సు కిందివే. ఇరవై వరుసల ఫంక్షన్‌కు పరిష్కారం సులువు: యూనికోడ్ ప్రమాణం చదివి, పాత కోడ్‌ను ముందు పెట్టుకోకుండా, మీరే కొత్తగా రాసుకోండి. పదాల పట్టిక పరీక్షలకే అవసరం కాబట్టి దాన్ని ప్రధాన ప్యాకేజీలోంచి తీసి, దాని లైసెన్సుతో, దాని మూలం చెబుతూ, వేరే ప్యాకేజీగా ఉంచండి. ఇలా విడదీసిన తరువాతే మిగిలిన కోడ్‌కు ఏ లైసెన్సు ఇవ్వాలన్న స్వేచ్ఛ పూర్తిగా మీ చేతికి వస్తుంది. లైబ్రరీతోపాటు తెలుగు ఫాంటు జత చేస్తుంటే దాన్ని కూడా విడిగా చూడాలి: లోహిత్ తెలుగు, గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న రామభద్ర, మల్లన్న వంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. వాటిని మీ సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఇవ్వవచ్చు, కానీ ఆ ఫాంటు లైసెన్సు ప్రతి వాటితోనే ఉండాలి.

మూడవ అడుగు: ఎవరు వాడాలి, తిరిగి ఏమి రావాలి?

ఇక్కడ తొందరపడకండి. ఎవరి ప్రోగ్రామ్‌లోకి మీ లైబ్రరీ వెళ్లాలని కోరుకుంటున్నారు? వారి నుంచి మీకు తిరిగి ఏమి రావాలి? ఈ రెండు ప్రశ్నలకు ఒక కాగితం మీద జవాబు రాసుకుంటే లైసెన్సుల జాబితా దానంతటదే చిన్నదవుతుంది.

ఎవరైనా, ఎక్కడైనా, మూసిన (బయటపెట్టని) కోడ్‌తోనైనా వాడుకోవచ్చు, నా పేరు, లైసెన్సు పాఠం నిలిపితే చాలు అనుకుంటే ఎంఐటీ, రెండు లేదా మూడు క్లాజుల బీఎస్‌డీ, అపాచీ 2.0 మీకు సరిపోతాయి. మన దగ్గర తెలుగు చదివే ప్రతివారూ తెలియకుండానే ఇలాంటి లైబ్రరీ మీద ఆధారపడుతున్నారు: ఒత్తులను, గుణింతాలను వాటి స్థానాల్లో అమర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీ పాత ఎంఐటీ తరహా లైసెన్సుతో ఉండబట్టే ఫైర్‌ఫాక్స్‌లోకీ, క్రోమ్‌లోకీ, ఆండ్రాయిడ్‌లోకీ ఒకే కోడ్ వెళ్లగలిగింది. ఒక ప్రమాణాన్ని అందరూ పాటించాలన్నది మీ లక్ష్యమైతే అడ్డంకులు తక్కువ ఉన్న లైసెన్సే దానికి తగినది. సీ ప్లస్ ప్లస్‌లో హెడర్ ఫైళ్ల రూపంలోనే ఉండే లైబ్రరీలకు బూస్ట్ లైసెన్సు కూడా పరిశీలించదగినది. కంపైల్ చేసిన రూపంలో పంచేవారు లైసెన్సు పాఠాన్ని జత చేయవలసిన అవసరం కూడా అందులో లేదు.

దీనికి పూర్తిగా అటువైపు జీపీఎల్ ఉంది. మీ లైబ్రరీని కలుపుకున్న ప్రోగ్రామ్‌ను ఇతరులకు పంచితే, ఆ మొత్తం ప్రోగ్రామ్ సోర్సును, అంటే మనుషులు రాసిన అసలు కోడ్‌ను, జీపీఎల్ షరతులతోనే ఇవ్వాలి. కమాండ్ లైనులో టైపు చేసే వరుసను సవరించుకునే సౌకర్యమిచ్చే గ్నూ రీడ్‌లైన్ లైబ్రరీకి ఉద్దేశపూర్వకంగానే ఈ లైసెన్సు ఇచ్చారు. లిస్ప్ భాషా ప్రోగ్రామ్‌లను నడిపే క్లిస్ప్‌ను రాసిన బ్రూనో హైబ్లే, రీడ్‌లైన్‌ను వాడుకోవడం గురించి గ్నూ ప్రాజెక్టు స్థాపకుడు, జీపీఎల్ రచయిత రిచర్డ్ స్టాల్‌మన్‌తో సుదీర్ఘంగా ఉత్తరప్రత్యుత్తరాలు జరిపి, చివరికి 1992లో క్లిస్ప్‌నే జీపీఎల్ కిందకు తెచ్చారు. ఒక్క లైబ్రరీ లైసెన్సు ఒక పూర్తి ప్రోగ్రామ్‌ను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా (ఎవరైనా వాడుకుని, మార్చి, పంచుకోగలిగేదిగా) మార్చింది. అయితే ఈ బలం పనిచేసేది మీ లైబ్రరీకి దీటైన ప్రత్యామ్నాయం లేనప్పుడే. అదే పని చేసే ఎంఐటీ లైబ్రరీ పక్కనే దొరుకుతుంటే మూసిన కోడ్ రాసేవారు దాన్ని తీసుకుని వెళ్లిపోతారు. ఇంకో విషయం: సర్వర్‌లో నడుపుతూ ప్రోగ్రామ్‌ను ఎవరికీ పంచనివారికి జీపీఎల్‌లోని సోర్సు షరతు వర్తించదు. లైబ్రరీని మార్చి నెట్‌వర్క్ ద్వారా సేవ అందించేవారి నుంచి కూడా సోర్సు రావాలంటే ఏజీపీఎల్ కావాలి. అది ఉన్న లైబ్రరీని తమ కోడ్‌లోకి రానివ్వని సంస్థలు చాలా ఉన్నాయని తెలిసే దాన్ని ఎంచుకోండి.

ఈ రెండు కొసల మధ్య ఉన్న ప్రదేశమే లైబ్రరీలకు ప్రత్యేకమైనది. మీ ప్రోగ్రామ్ మీ ఇష్టం, కానీ నా లైబ్రరీని మెరుగుపరిస్తే ఆ మెరుగుదల అందరికీ రావాలి అన్నది న్యాయమైన కోరిక. 1991లో గ్నూ ప్రాజెక్టు ఎల్‌జీపీఎల్‌ను లైబ్రరీల కోసమే తెచ్చింది. దాని పేరులోని ఎల్ అప్పట్లో లైబ్రరీ అన్న మాటకు గుర్తు. అన్ని లైబ్రరీలకూ ఇదే తగినదన్న భావం కలగకూడదని 1999లో వచ్చిన 2.1 వర్షన్‌లో ఆ మాటను ‘లెస్సర్’గా మార్చారు. దీని షరతులో కీలకం ఇది: ప్రోగ్రామ్‌ను తీసుకున్న వినియోగదారుడు మీ లైబ్రరీ మార్చిన వర్షన్‌ను దానిలో పెట్టుకుని నడుపుకోగలగాలి. లైబ్రరీ విడి ఫైలుగా ఉండి, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు దానితో కలిసే సీ భాషా ప్రపంచంలో ఇది సులువు. అన్నీ కలిపి ఒకే ఫైలుగా కట్టే గో, రస్ట్ వంటి భాషల్లో మాత్రం, మళ్లీ కలుపుకోవడానికి కావలసిన ఆబ్జెక్ట్ ఫైళ్లు వగైరా అందించవలసి వస్తుంది కాబట్టి వాడేవారికి పెద్ద తలనొప్పి. అలాంటి చోట్ల నేను మొజిల్లా వారి ఎంపీఎల్ 2.0నే సూచిస్తాను. 2012లో వచ్చిన ఈ లైసెన్సు ఫైలును హద్దుగా తీసుకుంటుంది: మీ ఫైళ్లలో మార్పు చేసి పంచితే ఆ ఫైళ్ల సోర్సు ఇవ్వాలి, తమ సొంత ఫైళ్ల జోలికి షరతు రాదు, లింకు చేసిన పద్ధతి ఏదైనా ఇబ్బంది లేదు. ఏ ఫైలు ఎవరిదన్నది కళ్ల ముందే కనిపిస్తుంది కాబట్టి వాదనకు తావు తక్కువ.

నాలుగవ అడుగు: పేటెంట్ల మాట

ఎంఐటీ, బీఎస్‌డీ పాఠాల్లో పేటెంట్ అన్న మాటే ఉండదు. 2004లో వచ్చిన అపాచీ 2.0 మాత్రం, కోడ్ అందించిన ప్రతివారూ తమ అందింపుకు సంబంధించిన పేటెంట్లను వాడుకునే అనుమతి ఇస్తున్నట్లు స్పష్టంగా రాస్తుంది; ఆ కోడ్ తమ పేటెంట్‌ను ఉల్లంఘిస్తోందని దావా వేసినవారికి ఆ అనుమతి రద్దవుతుంది. మన పేటెంట్ల చట్టం 3(కె) సెక్షన్ కేవలం కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను పేటెంట్‌కు అర్హమైన ఆవిష్కరణగా చూడదు కాబట్టి ఇది మనకు పట్టనిదని కొందరు అనుకుంటారు. మీ లైబ్రరీని వాడేవారు మాత్రం ఏ దేశంలోనైనా ఉండవచ్చు. పేటెంట్ వాక్యం ఎంత ముఖ్యమో చెప్పడానికి వెబ్ పేజీలు రూపొందించే లైబ్రరీ రియాక్ట్ చరిత్ర చాలు: బీఎస్‌డీ లైసెన్సుకు ఫేస్‌బుక్ జతచేసిన ప్రత్యేక పేటెంట్ షరతు కారణంగా 2017 జులైలో, అపాచీ లైసెన్సును రూపొందించిన అపాచీ ఫౌండేషన్ తన ప్రాజెక్టుల్లో ఆ కలయికను నిషేధించింది, అదే ఏడాది సెప్టెంబరులో రియాక్ట్ ఎంఐటీకి మారింది.

ఐదవ అడుగు: ఇతర లైసెన్సులతో పొసుగుతుందా?

మీ లైబ్రరీని వాడేవారి ప్రోగ్రామ్‌లో మీది ఒక్కటే ఉండదు, పదుల కొద్దీ లైబ్రరీలు ఉంటాయి. రెండు లైసెన్సుల షరతులను ఒకేసారి పాటించడం సాధ్యం కాకపోతే ఆ రెండూ ఒక ప్రోగ్రామ్‌లో ఇమడవు. అపాచీ 2.0 కోడ్‌ను జీపీఎల్ మూడవ వర్షన్ ప్రోగ్రామ్‌లో కలపవచ్చు. రెండవ వర్షన్‌కే పరిమితమైన ప్రోగ్రామ్‌లో కలపడం కుదరదన్నది జీపీఎల్‌ను ప్రచురించే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అభిప్రాయం. దీనికి రస్ట్ భాషా సమాజం చక్కని దారి కనిపెట్టింది: అక్కడ ఎన్నో లైబ్రరీలు ‘ఎంఐటీ లేదా అపాచీ 2.0’ అని రెండింటినీ ఇస్తాయి, తీసుకునేవారు తమకు పొసిగేదాన్ని ఎంచుకుంటారు. పొసగని లైసెన్సు ఎంత కాలం బాధిస్తుందో తెలియాలంటే, ఇంటర్నెట్‌లో సమాచారాన్ని గుప్తంగా పంపడానికి వాడే లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను చూడండి. ప్రకటనల్లో తమ పేరు చెప్పాలన్న దాని పాత షరతు జీపీఎల్‌తో పొసగనందువల్ల ఎన్నో జీపీఎల్ ప్రోగ్రామ్‌లు దానికోసం ప్రత్యేక మినహాయింపు రాసుకోవలసి వచ్చింది. 2021లో వచ్చిన 3.0 విడుదలతోగాని అది అపాచీ 2.0కు చేరలేదు. మీ భాషలో ఇప్పటికే ఉన్న ప్రముఖ లైబ్రరీలు ఏ లైసెన్సు వాడుతున్నాయో చూసి, గట్టి కారణం లేకపోతే అదే దారిలో నడవడం మీ వినియోగదారులకు మేలు చేస్తుంది.

ఆరవ అడుగు: భారతదేశంలోని రచయితలు చూసుకోవలసిన ఒక సంగతి

విదేశాల్లో తయారైన మార్గదర్శకాల్లో ఇది కనిపించదు. మన కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, హక్కుల బదిలీ పత్రంలో కాలపరిమితి రాయకపోతే అది ఐదేళ్లుగానూ, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితమైనదిగానూ భావిస్తారు. 30ఎ సెక్షన్ ఈ నియమాలను తగిన మార్పులతో లైసెన్సులకు కూడా వర్తింపజేస్తుంది. ఎంఐటీ పాఠంలో కాలం గురించిగానీ, ప్రాంతం గురించిగానీ ఒక్క మాట లేదు. అపాచీ 2.0 మాత్రం అనుమతి శాశ్వతమనీ, ప్రపంచవ్యాప్తమనీ నేరుగా చెబుతుంది. జీపీఎల్ మూడవ వర్షన్ కాపీరైట్ ఉన్నంత కాలం అని రాస్తుంది. ఇక్కడ కూర్చుని రాసే లైబ్రరీకి నేను ఎంఐటీ కంటే అపాచీని ముందు ఉంచడానికి పేటెంట్ వాక్యంతోపాటు ఇది కూడా కారణం. పెద్ద మొత్తాలు ముడిపడిన లైబ్రరీ అయితే న్యాయవాదికి చూపించండి.

దగ్గరకు రానీయకూడనివి

సొంతంగా లైసెన్సు రాయకండి. ఉన్న లైసెన్సుకు మంచి ఉద్దేశంతోనైనా వాక్యాలు చేర్చకండి. జేసన్ లైసెన్సు ఇందుకు పాఠం. ఎంఐటీ పాఠానికి, సాఫ్ట్‌వేర్‌ను మంచికే వాడాలి, చెడుకు వాడకూడదు అన్న ఒక్క వాక్యం చేర్చడంతో లైనక్స్ పంపిణీ అయిన డెబియన్ దాన్ని స్వేచ్ఛా లైసెన్సుగా అంగీకరించలేదు. అపాచీ ఫౌండేషన్ కూడా 2016లో దాన్ని నిషేధిత జాబితాలో చేర్చింది. ‘వాణిజ్యానికి వాడకూడదు’ అన్న షరతు కూడా అలాంటిదే: గుంటూరులో చిన్న దుకాణానికి తెలుగు బిల్లింగు సాఫ్ట్‌వేర్ రాసిచ్చే ఒంటరి డెవలపర్‌ను కూడా అది అడ్డుకుంటుంది. క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు రచనలకు, బొమ్మలకు తగినవి. సోర్సు కోడ్‌కు వాటిని వాడవద్దని ఆ సంస్థే చెబుతుంది. హక్కులన్నీ వదులుకోవాలనుకునేవారికి అదే సంస్థ తెచ్చిన సీసీజీరో ఒక దారిగా కనిపిస్తుంది గానీ, అది పేటెంట్ హక్కులను ఇవ్వడం లేదని తన పాఠంలోనే చెబుతుంది. ఆ కారణంగానే 2022లో ఫెడోరా అనే మరో లైనక్స్ పంపిణీ కొత్త కోడ్‌కు దాన్ని అనుమతించడం మానేసింది.

ఏడవ అడుగు: లైసెన్సును ఫైళ్లలో పెట్టడం

ఎంచుకున్న లైసెన్సు పూర్తి పాఠాన్ని, అక్షరం మార్చకుండా, ప్రాజెక్టు మొదటి ఫోల్డర్‌లో ‘లైసెన్స్’ అనే పేరుతో రోమన్ లిపిలో ఉంచండి. కాపీరైట్ వరుసలో సంవత్సరం, హక్కుదారు పేరు నింపండి. ఖాళీ చదరపు కుండలీకరణాలను అలాగే వదిలేసిన లైబ్రరీలు ఎన్నో కనిపిస్తాయి. తరువాత ప్రతి సోర్సు ఫైలు తలమీద ఒక వరుస చేర్చండి:

# ఎస్‌పీడీఎక్స్-లైసెన్స్-ఐడెంటిఫైయర్: అపాచీ-2.0

ఫైలులో ఇది కూడా రోమన్ లిపిలోనే, లైసెన్సులకు పొట్టి గుర్తింపులు నిర్ణయించే ఎస్‌పీడీఎక్స్ జాబితాలో ఉన్న రూపంలోనే ఉండాలి, ఎందుకంటే దీన్ని మనుషులకంటే ముందు యంత్రాలు చదువుతాయి. ఎస్‌పీడీఎక్స్ 2021 నుంచి అంతర్జాతీయ ప్రమాణం. మీ ఫైలు ఒక్కటే వేరే ప్రాజెక్టులోకి చేరినా లైసెన్సు దాన్ని విడిచిపోదు. ప్యాకేజీ వివరాల ఫైలులో కూడా అదే గుర్తింపును రాయండి. జీపీఎల్ కుటుంబాన్ని ఎంచుకుంటే ఆ వర్షన్ మాత్రమేనా, తరువాతి వర్షన్లు కూడానా అన్నది తప్పక పేర్కొనండి.

ఎనిమిదవ అడుగు: బయటివారి మార్పులు వచ్చే ముందు

ఎవరైనా పంపిన మార్పును చేర్చుకున్న రోజు నుంచి ఆ వరుసల హక్కుదారు వారే. తరువాత లైసెన్సు మార్చాలంటే వారందరి అంగీకారం కావాలి. వీఎల్‌సీ ప్లేయర్‌లోని లిబ్‌వీఎల్‌సీ లైబ్రరీని జీపీఎల్ నుంచి ఎల్‌జీపీఎల్‌కు మార్చడానికి 2011 ప్రాంతంలో ఆ బృందం ఏళ్ల తరబడి కోడ్ రాసిన డెవలపర్లను వెతికి పట్టుకుని ఒక్కొక్కరినీ అడగవలసి వచ్చింది. లైనక్స్ కెర్నల్ (ఆ వ్యవస్థకు కేంద్రమైన భాగం) 2004 నుంచి పాటిస్తున్న పద్ధతి చిన్న లైబ్రరీలకు సరిపోతుంది: మార్పు పంపేవారు, దాన్ని ఇచ్చే హక్కు తమకుందని ధ్రువీకరిస్తూ చివర తమ పేరుతో ఒక వరుస చేరుస్తారు. క్యూటీ అనే లైబ్రరీ తరహాలో ఒకే లైబ్రరీని స్వేచ్ఛా లైసెన్సుతోనూ, డబ్బు తీసుకుని వాణిజ్య లైసెన్సుతోనూ ఇవ్వాలన్న ఆలోచన ఉంటే మాత్రం అది చాలదు. ఆ అనుమతినిచ్చే ఒప్పందాన్ని మొదటి మార్పు చేర్చుకునే ముందే సిద్ధం చేసి, ఎందుకు అడుగుతున్నారో దాచకుండా చెప్పండి.

మన అక్షర విభజన లైబ్రరీకి నా ఎంపిక ఇది: కోడ్‌కు అపాచీ 2.0, పదాల పట్టికకు విడి ప్యాకేజీలో దాని సొంత లైసెన్సు, బయటి మార్పులకు కెర్నల్ తరహా ధ్రువీకరణ. విడుదల బటన్ నొక్కే ముందు ప్యాకేజీని నిర్మించి, ఏ ఫైళ్లూ లేని కొత్త ఫోల్డర్‌లో విప్పి చూడండి. రిపాజిటరీలో (ప్రాజెక్టు కోడ్ భద్రపరచిన చోట) ఉన్న లైసెన్సు ఫైలు నిర్మించిన ప్యాకేజీలోకి రాకుండా ఆగిపోవడం తరచుగా జరుగుతుంది. అది లోపల ఉందా, స్నేహితురాలి పాత ఫంక్షన్ ఎక్కడా మిగల్లేదా, విక్షనరీ పట్టిక పొరపాటున తిరిగి చేరలేదా అన్నవి కళ్లారా చూసుకున్నాకే విడుదల చేయండి.